సారు నింపని గడి

మా ఆఫీసులో ఖాళీ గడులంటే ఎవరికీ ఖాతరు లేదు. వేలమంది వివరాలున్న పట్టికలో కొందరు తమ వయసు రాయకపోతే, మిగిలినవాళ్ళ సగటు వయసు తీసి ఆ గడుల్లో పడేస్తాం. ఒక్క మీట నొక్కితే అయిపోతుంది, టీ చల్లారేదాకా కూడా ఆగనక్కర్లేదు. హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడ పదకొండో అంతస్తున కూర్చుని నేను ఇన్నేళ్ళుగా చేస్తున్నదీ, పదిమంది చేత చేయిస్తున్నదీ ఈ పనే. ఈ ఘనకార్యానికి నాకో పెద్ద హోదా, కిటికీ పక్క సీటు కూడా ఇచ్చారు.

మొన్న మంగళవారం మాత్రం మా బండి ఆగింది. ఒక ఆసుపత్రి వాళ్ళ కోసం చేస్తున్న లెక్క అది. రోగులు నింపే ఫారంలో ‘ఇంట్లో మీకు తోడు ఎవరుంటారు?’ అని ఒక ప్రశ్న ఉంది. చాలామంది దాన్ని వదిలేశారు. సగటు వేసి నింపడానికి అదేమీ వయసు కాదు. మా టీములో కొత్తగా చేరిన శ్రావ్య చురుకైన పిల్ల. ఈ ఖాళీల సంగతి తెలిసిన ప్రొఫెసరు ఎవరైనా దొరికితే సలహా అడుగుదామని ఊళ్ళో ఉన్న యూనివర్సిటీల పేజీలన్నీ గాలించింది.

“మీరు చదివిన స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్ పేజీ కూడా చూశాను మేడమ్. మిస్సింగ్ డేటా మీద అక్కడ ఎవరూ లేరు. టైమ్ సిరీస్ వాళ్ళున్నారు, క్యూయింగ్ థియరీ వాళ్ళున్నారు. రిటైరైన వాళ్ళ లిస్టులో ఒకాయన కనిపించారు గానీ, ఆయనది క్వాలిటీ కంట్రోల్. మనకి పనికిరారు. బెంగళూరు వాళ్ళని అడుగుదామా?”

ఆ ఒకాయన ఎవరో పేరు చూడకుండానే నాకు తెలుసు. ఆ పేరు పక్కన ‘క్వాలిటీ కంట్రోల్’ అని టైపు చేసింది నేనే. మా డిపార్ట్‌మెంట్‌లోనే కాదు, ఈ చుట్టుపక్కల ఎక్కడ వెతికినా, ఖాళీ గడి గురించి జీవితమంతా ఆలోచించిన మనిషి ఆయనొక్కరే. ఆ మనిషి వాకిట్లో వేరేవాళ్ళ బోర్డు తగిలించి నేను ఉద్యోగానికి వచ్చేశాను.

మధ్యాహ్నం డిపార్ట్‌మెంట్ ఆఫీసుకు ఫోన్ చేశాను. సత్తెమ్మక్క ఎత్తింది. నేను చదువుకునే రోజుల్లో ఫైళ్ళు మోసేది, ఇప్పుడు ఆ ఆఫీసంతా ఆమె చేతిలోనే ఉంది. సారు ఫోన్ నంబరు అడిగాను.

“సారా? సారు పోయి నాలుగు నెలలాయె గద మేడం. మీకెవ్వరు చెప్పలేదా?”

ఎవరు చెబుతారు? నేను ఎవరిని పలకరించాను గనక నన్నొకరు పలకరించడానికి.

సారు పేరు ఇక్కడ రాయను. రాస్తే మీరు ఆయన పేజీ వెతుకుతారు, వెతికితే నా అబద్ధమే కనిపిస్తుంది. మనిషి పొడుగు, సన్నం. పొట్టి చేతుల చొక్కా, జేబులో రెండు పెన్నులు, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. ఎర్ర పెన్ను పేపర్లు దిద్దడానికి కాదు. పేపర్లు నీలంతోనే దిద్దేవారు. ఎర్రదాని సంగతి తరువాత చెబుతాను. భుజాన ఒక గుడ్డ సంచీ. శంకర్‌పల్లి వైపు ఏదో ఊరు ఆయనది. లింగంపల్లి దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకొకటి పట్టుకుని వచ్చేవారు.

పాఠం చెప్పేటప్పుడు బోర్డులో ఎడమ సగమే వాడేవారు. కుడి సగం మాకు. “గా సగం మీ డౌట్లకు. అడుగుర్రి, రాస్త” అనేవారు. మేం అడిగేవాళ్ళం కాదు. గంట కొట్టాక ఎడమ వైపు తుడిచేసి, ఖాళీగా ఉన్న కుడి సగం ముందు కాసేపు నిలబడేవారు. పెళ్ళిలో విస్తరి వేశాక అతిథి రాకపోతే చూసే చూపు అది. మేమేమో వెనక బెంచీల్లో ముసిముసిగా నవ్వుకునేవాళ్ళం.

హాజరు వేసేటప్పుడు రానివాళ్ళకు ‘ఏ’ అని వేసేవారు కాదు. గడి ఖాళీగా వదిలేసి మర్నాడు అడిగేవారు, “నిన్న ఎందుకు రాలే?” అని. చెప్పిన కారణాన్ని వేరే రిజిస్టర్లో రాసేవారు. దానికి మేం చిత్రగుప్తుడి చిట్టా అని పేరు పెట్టాం. మొదట్లో అందరూ తలనొప్పి అనేవాళ్ళు. “ఎడమ దిక్కా, కుడి దిక్కా?” అని ఆయన ఎంతో శ్రద్ధగా అడిగేసరికి తలనొప్పులు తగ్గిపోయాయి. నిజాలు రావడం మొదలైంది. బస్సు దొరకలేదు. ఇంట్లో గొడవైంది. ఈ పాఠం అర్థం కాక రాబుద్ధి కాలేదు. అన్నిటినీ ఒకేలా రాసుకునేవారు, తిట్టేవారు కాదు.

నన్ను మాత్రం ఆటపట్టించేవారు. మాది కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు. మా నాన్న గోదావరి వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చి అక్కడ స్థిరపడ్డారు. నా నోట్లో ప్రతి మాటకీ చివర అండి ఉండేది.

“నీ మాటలల్ల అండి తీసేస్తే ఎంత మిగుల్తది బిడ్డా?” అనేవారు.

“పెద్దగా మిగలదండి” అనేదాన్ని. క్లాసంతా నవ్వేది. ఆయనా నవ్వేవారు.

ఎమ్మెస్సీ రెండో ఏడు మా చేత నార్సింగిలో ఇంటింటి సర్వే చేయించారు. అప్పుడు అక్కడ పెద్ద రోడ్డు పడుతోంది, ఊరు ఇంకా ఊరిలాగే ఉంది. నా వాటాకు ఒక వీధి వచ్చింది. ఫారాలు ఇళ్ళలో ఇచ్చి రెండు రోజుల తరువాత తెచ్చుకున్నాను. ‘ఇంటిపెద్ద వృత్తి’ అన్న గడిని అయిదిళ్ళ వాళ్ళు నింపలేదు. మిగిలిన వీధంతా వ్యవసాయం అని రాసింది. నేనూ అయిదింటిలో వ్యవసాయం అని రాసేసి, పనిమంతురాలిలా కట్ట కట్టి సారు బల్ల మీద పెట్టాను. సాయంత్రానికి పిలుపు వచ్చింది.

“గీ అయిదిట్ల రాత వేరేగున్నది. ఎవలు నింపిన్రు?”

“నేనేనండి. ఆ వీధిలో అందరూ అదే రాశారండి, అందుకని ఆ గడుల్లో కూడా...”

“గడి అంటే ఏందో ఎరుకేనా నీకు?”

నేను అయోమయంగా ఫారంలో గడి మీద వేలు పెట్టాను.

“అది మీ దిక్కు. మా దిక్కు గడి అంటే దొర ఉండే ఇల్లు. అడగకుంట లోపటికి పోతే వీపు పగులుతుండె. గీ గడిల గూడ ఎవలో ఒకలు ఉంటరు బిడ్డా. అడిగి పోవాలె. పా, పోదాం.”

మర్నాడు నిజంగానే బస్సెక్కించి తీసుకెళ్ళారు. మొదటి ఇంటి అరుగు మీద ఒక ముసలాయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. సారు ఆయన పక్కన అరుగు మీదే చతికిలబడి, ఫారం బయటికి తీయకుండా వానల గురించి, మోకాళ్ళ గురించి మాట్లాడారు. చాలాసేపయ్యాక ఫారం తీసి, ఆ గడి చూపించి అడిగారు.

“గిది ఇడిసిపెట్టినవేందే?”

“ఏం రాయాలె సారూ? భూమి రోడ్డు కింద పోయింది. వ్యవసాయం అని రాస్తే అబద్ధమాయె. ఏం పని లేదని రాస్తే, నా మనుమరాలు బడికి పోతది, రేపు గా కాయితం చదువుతది. మా తాత పనిలేనోడు అనుకోదా? గందుకే రాయలే.”

సారు ఆ గడి జోలికి పోలేదు. ఎర్ర పెన్ను తీసి పక్కన అంచు మీద చిన్నగా రాశారు. ‘కారణం: భూమి పోయింది. చెప్పుకోవడం ఇష్టం లేదు.’ ఆ పెన్ను ఉన్నది అందుకే, ఖాళీ పక్కన కారణం రాయడానికి. తరువాత దాన్ని నా చేతికిచ్చారు.

“నువ్వు నింపింది నువ్వే కొట్టెయ్యి. పక్కన సంతకం పెట్టు.”

“మీరు కొట్టేసినా ఒకటేగా అండి?”

“ఒకటెట్లయితది? నింపినోళ్ళే కొట్టెయ్యాలె. నేను దిద్దితే అది ఇంకో తప్పయితది.”

అయిదిళ్ళలోనూ అయిదుసార్లు కొట్టేసి సంతకం పెట్టాను. సిగ్గుతో చచ్చాననుకోండి. తిరుగు బస్సులో ఆయన కిటికీ వైపు చూస్తూ తనలో తాను మాట్లాడుకున్నట్టు అన్నారు.

“పుస్తకాలల్ల దీన్ని మిస్సింగ్ అంటరు. మిస్సింగ్ అంటే జాతరల పోరడు తప్పిపోయినట్టు. గాయన తప్పిపోయిండా? అన్నీ ఎరుకుండి నోరు కట్టుకొని కూసున్నడు. రెండిటికి ఒకటే పేరు పెడితె ఎట్ల? సరైన మాట ఒకటి ఉండాలె. మన భాషల్నే దొరుకుతదనుకుంటున్న.”

“చెప్పనివి అంటే సరిపోదాండి?”

“ఊహూ. అది అడిగినోని దిక్కు నుంచి చెప్పే మాట. ఊకున్నోని దిక్కు నుంచి చెప్పే మాట గావాలె.” నా వైపు తిరిగి, “నువ్వు పీహెచ్‌డీల చేరు బిడ్డా. ఇద్దరం కలిసి దేవులాడుదాం” అన్నారు. నేను సరేనండి అన్నాను. ఆ క్షణంలో నిజంగానే అన్నాను.

ఆ చలికాలంలోనే డిపార్ట్‌మెంటుకు మొదటిసారి వెబ్‌సైట్ తయారైంది. ప్రొఫెసర్ల వివరాలు కాగితం ఫారాల్లో సేకరించి టైపు చేసే పని, నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని, హెడ్ మేడమ్ నాకు అప్పగించారు. పేరు, చదువు, హోదా, చివర పరిశోధనాసక్తులు. ఆ చివరి గడి దగ్గర మహానుభావులంతా చెలరేగిపోయారు. ఒకాయన రాసిన జాబితా పెళ్ళి భోజనంలో వంటకాల పట్టీ అంత ఉంది. యంత్రాలు ఎన్నాళ్ళు నమ్మకంగా పనిచేస్తాయో లెక్కగట్టే ఆయన స్కూటరును రోజూ సాయంత్రం మేమే తోసేవాళ్ళం. క్యూల సిద్ధాంతంలో ఆరితేరిన మేడమ్ క్యాంటీన్లో ఒక్కనాడూ క్యూలో నిలబడి ఎరగరు. అయినా అందరి గడులూ నిండాయి. సారుది ఒక్కటే మిగిలింది.

మొదటిసారి అడిగితే “రేపు” అన్నారు. రెండోసారి వెళ్ళేసరికి ఒక చిత్తు కాగితం మీద ఏదో రాసి కొట్టేసి ఉంది. మూడోసారి ఫారం నా చేతికిచ్చేశారు.

“మాట దొరకలే బిడ్డా. ఖాళీ ఉంచు. పక్కన కారణం రాయి, మాట దొరకలేదని.”

ఆ సంగతి చెబితే హెడ్ మేడమ్ నెత్తి కొట్టుకున్నారు. “వెబ్‌సైట్లో కారణాలు ఎక్కడ రాస్తావమ్మా? ప్రపంచమంతా చూసే పేజీ, ఖాళీగా ఉంటే ఏం బావుంటుంది? ఈ పూటకి పూర్తి చేసెయ్యి.”

ఆవిడ నింపమనలేదు. పూర్తి చేయమన్నారు. నాకు ఆ మధ్యాహ్నం మాదాపూర్‌లో ఉద్యోగం ఇంటర్వ్యూ ఉంది. పీహెచ్‌డీ మాట అప్పటికి మరిచిపోయానని కాదు, ఇంటర్వ్యూకు ఊరికే వెళ్ళి చూద్దామనుకున్నాను, అంతే. బస్సుకు టైమవుతోంది. ఆ సెమిస్టరులో ఒకరు సెలవు పెడితే సారు వాళ్ళ బదులు క్వాలిటీ కంట్రోల్ పాఠం చెబుతున్నారు. సారు పక్క గదిలో కూర్చునే ఇంకో ప్రొఫెసరు ఫారంలోనూ అదే ఉంది. ఫారంలో ‘క్వాలిటీ కంట్రోల్’ అని గుండ్రంగా రాసి, టైపు చేసి, పరిగెత్తాను. నార్సింగిలో చేసిన తప్పే మళ్ళీ చేశాను, ఈసారి ఇంకా చక్కటి దస్తూరీతో.

వారం తరువాత కంప్యూటర్ గదిలో అందరూ పేజీ చూసి మురిసిపోతున్నారు. సారు కూడా వచ్చి తన పేరు దగ్గర ఆగి చూశారు. చాలాసేపు చూశారు.

“ఫొటోలు మంచిగొచ్చినయ్” అన్నారు. తరువాత నా వైపు తిరిగి, “ఇంకేమన్న చెప్పేదున్నదా బిడ్డా?” అన్నారు.

“ఉద్యోగం వచ్చిందండి” అన్నాను.

ఆయన ఎదురుచూసింది అది కాదు. అయినా ముఖం చిట్లించలేదు. “మంచిగయింది” అన్నారు. “ఇంకేం లేదా?” అని మళ్ళీ అడిగారు. లేదండి అన్నాను. ఆయన గమనించలేదనుకుని గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను కూడా. కారణం అడిగి నిజం రాబట్టడం తప్ప వేరే పని లేని మనిషి, రెండుసార్లు అడిగి నాకు అవకాశమిచ్చారని ఈ మట్టిబుర్రకు తట్టలేదు.

తరువాత ఏళ్ళు గడిచిపోయాయి. ఈ రోడ్ల మీద ఏళ్ళు ఎలా గడుస్తాయో ఇక్కడ పనిచేసేవాళ్ళకు తెలుసు. పండుగలకు ఒక మెసేజ్ పంపేదాన్ని. ఆయన ఫోన్లో మెసేజ్ చూసే రకం కాదని తెలిసే పంపేదాన్ని.

రెండేళ్ళ కిందట, ఎండలు మండుతున్న రోజుల్లో, కింద గేటు నుంచి సెక్యూరిటీ ఫోన్ చేశాడు.

“మేడం, ఒక పెద్దమనిషి మీ కోసం వచ్చిండు. ఎందుకొచ్చిన్రనే పర్పస్ కాలమ్ నింపుతలేడు. నింపకుంటే పాస్ రాదంటే, రాకుంటే రాకపాయె అని కూసున్నడు. జర కిందికి రార్రి.”

పేరు చెప్పకముందే లిఫ్టు ఎక్కాను. సారు సోఫా అంచున కూర్చుని ఉన్నారు, ఒళ్ళో అదే గుడ్డ సంచీ. జుట్టు పూర్తిగా తెల్లబడింది.

“ఆఫీసు పనా, సొంత పనా అని రెండే గడులు పెట్టిన్రు బిడ్డా. నాది రెండిట్ల పడతలేదు” అన్నారు ఫిర్యాదుగా.

నేను నవ్వి, సెక్యూరిటీ చేతిలో పెన్ను తీసుకుని, ‘సొంత పని’ మీద టిక్కు పెట్టేశాను. సారు నా చేతినే చూస్తూ ఉన్నారు.

“నింపుడు నీకు మంచిగ అలవాటే” అన్నారు.

సరదాకి అన్నారనుకున్నాను. కింద టీ దుకాణంలో కూర్చున్నాం. ఆయన సంచీలో చేయి పెట్టి ఒక పాత కాగితం సగం బయటికి తీశారు.

“ఆ మాట దొరికింది బిడ్డా.”

“ఏ మాటండి?”

నిజంగానే నాకు గుర్తు లేదు.

“గదే. నార్సింగి ముసలాయన మాట.”

అప్పుడు గుర్తొచ్చింది. కానీ బల్ల మీద నా ఫోన్ అప్పటికే రెండోసారి మోగుతోంది. “అబ్బ, ఎన్నాళ్ళకి సార్! ఇంకో అయిదు నిమిషాల్లో మీటింగ్ ఉందండి. ఆదివారం మీ ఇంటికే వస్తాను, తీరిగ్గా చెబుదురుగాని.”

ఆయన కాగితాన్ని లోపలికి నెట్టేశారు.

“ఫికర్ చెయ్యకు. పోయిరా. ఇన్నేండ్లు ఆగింది, ఆదివారం దాక ఆగదా?”

ఆ ఆదివారం ఏదో పని పడింది. పై ఆదివారం ఇంకేదో. ఆ పనులేమిటో ఇప్పుడు ఎంత తన్నుకున్నా జ్ఞాపకం రావడం లేదు. ఆయన చిట్టాలో రాసుకోవడానికి పనికొచ్చే కారణం నా దగ్గర ఒక్కటీ లేదు. ఆ మీటింగ్ దేని గురించో కూడా గుర్తు లేదు. సారు మాట ఒక్కటే నాకు తెలియకుండా పోయింది.

ఈ శనివారం సారు ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. సారు రాసుకున్న కాగితాల్లో ఆ మాట ఎక్కడైనా ఉందేమోనని అడిగాను. ఆవిడ రెండు అట్టపెట్టెలు నా ముందు పెట్టారు. పాత సర్వే ఫారాలు, అంచుల్లో ఎర్ర రాతలు, హాజరు రిజిస్టర్లు. మాట మాత్రం లేదు.

“ఆయన రాసుకునేటోడు గాదు బిడ్డా. అడిగేటోడు” అన్నారు ఆవిడ.

సోమవారం సెలవు పెట్టి డిపార్ట్‌మెంటుకు వెళ్ళాను. అంతకుముందే శ్రావ్యకు ఫోన్ చేసి, ఆ తోడు ఎవరన్న గడులు నింపొద్దనీ, రాయనివాళ్ళను కలిసి అడిగే దారి ఏదైనా ఉందా అని ఆసుపత్రి వాళ్ళను కనుక్కోమనీ చెప్పాను. “చాలా టైమ్ పడుతుంది మేడమ్” అంది. పడనీ అన్నాను.

ఆఫీసులో సత్తెమ్మక్క కళ్ళజోడు సవరించుకుని నన్ను ఎగాదిగా చూసింది.

“నువ్వా బిడ్డా! ఫోన్ల గొంతు గుర్తువట్టలే. అండి అండి అనే పిల్లవు గద?”

వెబ్‌సైట్లో సారు పేరు పక్కన తప్పు పడిందనీ, దిద్దించాలనీ చెప్పాను. ఆమె పెదవి విరిచింది.

“ఇప్పుడు దిద్ది ఏం ఫాయిదా? వచ్చే నెల కొత్త వెబ్‌సైటు వస్తున్నది. పోయినోళ్ళ పేర్లు అండ్ల ఉండయి.” తరువాత గొంతు తగ్గించింది. “అది తప్పని నాకెరుకే. పిల్లలొచ్చి క్వాలిటీ కంట్రోల్ సారు మీరేనా అంటే, నవ్వి పక్క రూం చూపిచ్చేటోడు. ఆయన దగ్గర చేరుదామని వచ్చినోడు ఒక్కడు లేడు. దిద్దిపియ్యి సారూ, నేను చెప్త అంటే, వద్దు, దిద్దేటోళ్ళు వస్తరు అనేటోడు. రిటైరయినంక గూడ ఒకపారి వచ్చి గా పాత ఫారం అడిగి పట్కపోయిండు. హైటెక్ సిటీకి పోయొస్త అన్నడు. సాయంత్రం మళ్ల తెచ్చిచ్చిండు.”

“ఏమన్నారక్కా?”

“ఆ పిల్లకు మీటింగున్నది అన్నడు.”

ఆమె బీరువా తీసి అడుగు నుంచి ఒక ఫైలు లాగింది. ఫారం పసుపు రంగుకు తిరిగింది. చివరి గడిలో నా గుండ్రటి అక్షరాలు నీలం సిరాలో చెక్కుచెదరకుండా ఉన్నాయి. పక్కన అంచు మీద ఎర్ర సిరాతో సారు రాత. ‘ఇది నేను రాసింది కాదు. నింపిన అమ్మాయి వచ్చి కొట్టేస్తుంది.’ ఆ కింద పెన్సిలుతో ఒక సన్నటి గీత గీసి ఉంది. నా సంతకం కోసం ఉంచిన చోటు అది.

నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. సత్తెమ్మక్క తలుపు దగ్గరికేసి వచ్చింది. కాసేపటికి ఎర్ర పెన్ను ఉందా అని అడిగితే సొరుగంతా వెతికి ఇచ్చింది. ‘క్వాలిటీ కంట్రోల్’ అన్న మాటను అడ్డంగా కొట్టేశాను. పెన్సిలు గీత మీద సంతకం పెట్టాను. ఇక దాని బదులు ఏం రాయాలో ఆలోచించాను. ‘మిస్సింగ్’ అని రాస్తే అది ఆయనకు నచ్చని మాట. నాకు తోచినవి ఒకటి రెండున్నాయి, పెన్ను కాగితం దాకా వెళ్ళింది కూడా. రాస్తే అది మళ్ళీ నేను నింపినట్టే. గడి అలాగే ఉంచి, అంచు మీద మిగిలిన కాస్త చోటులో ఒక ముక్క రాసి ఫైలు ఆమెకిచ్చాను.

“గిదేంది బిడ్డా? దిద్దుతనని వచ్చి మళ్ల ఖాళీ ఉంచినవ్?”

“పక్కన కారణం రాశానక్కా.”

సత్తెమ్మక్క కాగితాన్ని కిటికీ వెలుతురులోకి పట్టుకుని, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ పైకి చదివింది.

“కారణం: చెప్పడానికి సారు వచ్చారు. నేను ఆగలేదు.”